పిన్ని తిప్పిన హరికేన్

నాటక సమాజంలో అందరూ ఆయన్ని గాలి బాబాయి అంటారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో అనుమానమే. తెర వెనక ఎడమ మూలన, తాళ్ళకూ దీపాల తీగలకూ మధ్య, ఆయనకో ముక్కాలిపీట, దాని ముందు ఓ చెక్క పీపా. పీపా చుట్టూ బద్దలు, వాటి మీద బిగించిన మందపాటి కాన్వాసు గుడ్డ, పక్కన ఇనప పిడి. పిడి తిప్పితే బద్దలు గుడ్డను రాసుకుని గాలి చప్పుడు వస్తుంది. మెల్లగా తిప్పితే పరదా కదిలే గాలి, బలంకొద్దీ తిప్పితే పైకప్పులు లేచిపోయే గాలి. అంతకుమించి అందులో మాయేమీ లేదు.

సమాజం పెట్టిన పెద్దాయన ఇంగ్లీషు పుస్తకాలు చదివి నాటకం నేర్చుకున్నవాడు. ఎక్కడ ఎలాంటి గాలి కావాలో పిల్లగాలి నుంచి పెనుగాలి దాకా ఇంగ్లీషులోనే చెప్పేవాడు: బ్రీజ్, గస్ట్, గేల్, స్క్వాల్, టెంపెస్ట్, హరికేన్. పెద్దాయన పోయినా ఆ మాటలు పోలేదు. బాబాయికి వచ్చిన ఇంగ్లీషు మొత్తం అదే. "నాకు ఇంగ్లీషు రాదని ఎవడన్నాడు? ఆరు మాటలొచ్చు" అని ఆయన గొప్పకు పోతే, "ఆరూ గాలిమాటలే కదండీ" అని పిన్ని ఒక్క ముక్కలో తీసిపారేసేది.

పిన్ని అంటే బాబాయి భార్య. ఇంటి ముందుగదిలో కూర్చుని ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. చేత్తో తిప్పే పాతకాలపు మిషను ఆవిడది. పీపా గుడ్డ చిరిగినప్పుడల్లా కొత్తది కుట్టిచ్చేదీ ఆవిడే. కానీ ఇన్నేళ్ళలో ఒక్క నాటకమూ చూడలేదు. "గుమ్మంలో కూర్చుంటే నిజం గాలే వస్తుంటే, అబద్ధపు గాలి కోసం అంతదూరం రావాలా?" అనేది. మహా మొండి మనిషి, ఒప్పుకోవాలి.

అలా సాగిపోతుండగా బాబాయి కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవడానిక్కూడా పిన్ని సాయం కావలసివచ్చింది. కొన్నాళ్ళు పిడి ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చూస్తే ఆదివారమే నాటకం, సమాజం ఏళ్ళ తరబడి ఆడుతున్నదే. చివరి అంకమంతా తుఫానే. పడవ మీద వెళ్ళిన కొడుకును తల్లి ఒడ్డున నిలబడి పిలుస్తుంది. గాలి లేకపోతే ఆ అంకమే లేదు.

దర్శకుడు ఆ పెద్దాయన మనవడే. మంచివాడు, మెత్తగానే చెప్పాడు. "ఈసారికి మీరు విశ్రాంతి తీసుకోండి బాబాయ్. రికార్డు చేసిన గాలి ఉంది, స్పీకర్లో వేసేద్దాం."

బాబాయి తలూపి ఇంటికొచ్చాడు. 'ఈసారికి' అని అటకెక్కించినదేదీ మళ్ళీ కిందికి దిగదని ఆయనకు తెలుసు. స్పీకరు వస్తే పీపా అటకెక్కుతుంది, దాంతోపాటు తనూ. ఆ దిగులుతో అన్నం సహించలేదు.

కంచంలో మెతుకులు కెలుకుతున్న మొగుణ్ణి చూసి పిన్ని సంగతంతా కూపీ లాగింది. విన్నాక తన కుడిచెయ్యి చాపి చూసుకుంది.

"ఆ పిడి నా మిషను పిడిలాంటిదేగా? ముప్ఫయ్యేళ్ళుగా తిప్పుతున్న చెయ్యి ఇది. నేను తిప్పుతాను."

"ఊరికే తిప్పడం కాదే. ఆరు రకాలుంటాయి. దేని జోరు దానిదే."

"నేర్పండి. మీకొచ్చింది నాకు రాకుండా పోతుందా?"

నేర్పడం మొదలైంది గానీ, గేల్‌కూ టెంపెస్టుకూ తేడా ఎంత చెప్పినా ఆవిడకు ఎక్కలేదు. తల పట్టుకుని కూర్చున్న బాబాయికి చివరికో దారి తట్టింది. తట్టాక కాస్త భయమూ వేసింది.

"కోప్పడనంటే చెబుతా. పాలు పల్చగా వచ్చిన రోజు నీలో నువ్వే సణుక్కుంటావు చూడు, అది బ్రీజ్."

"ఊఁ."

"మా అక్కయ్య చెప్పాపెట్టకుండా దిగినప్పుడు వంటింటి తలుపు ధడాలున వేస్తావు. ఆ ఒక్క విసురు గస్ట్. నేను గొడుగు పారేసుకొచ్చిన రోజు పొద్దున అందుకున్నదానివి భోజనాల దాకా ఒకే జోరు. అది గేల్."

"మరి స్క్వాల్?"

"నీ కత్తెరతో నేను అట్ట కోసినప్పుడు. ఇల్లెగిరిపోతుందనుకున్నా, ఐదు నిమిషాల్లో టీ ఇచ్చావు."

పిన్ని మూతి బిగించింది, నవ్వు ఆపుకోవడానికి. "బట్టలు కత్తిరించే కత్తెరతో అట్ట కోస్తారా ఎవరైనా? సరే, టెంపెస్టు?"

"పెళ్ళికూతురి జాకెట్టు మీద నా చేతిలో టీ ఒలికిన రోజు."

"హరికేన్?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నీ మిషను తీసేసి మోటారుది కొందామన్నాను చూడు, ఆ రోజు."

పిన్ని ముందుగదిలోని మిషను వైపు చూసింది. "ఇప్పుడు మీ పీపాను వాళ్ళూ అదే అంటున్నారు" అంది. లేచి ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. "తినండి. రేపు చూద్దాం."

మర్నాడు రిహార్సల్లో ఆవిడ పిడి పట్టుకుంటే దర్శకుడి కళ్ళు పెద్దవయ్యాయి. ఆరు గాలులూ అడిగినట్టే వచ్చాయి, హరికేన్‌కైతే పీపా స్టాండే ఊగింది. అయినా అతని అనుమానం అతనిది. "స్పీకరు సిద్ధంగా పెడతాను పిన్నీ. తేడా వచ్చిందా, మీట నొక్కేస్తాను. ఇక ముందు కూడా స్పీకరే" అన్నాడు. తల్లి వేషం కట్టే ఆవిడ గొంతు బాగోలేక, ఆ రోజు కేకతో సహా మాటలన్నీ పెదవులతోనే కానిచ్చింది.

ఆదివారం బాబాయి జీవితంలో మొదటిసారి జనంలో కూర్చున్నాడు. బ్రీజ్ వచ్చినప్పుడు తనకు తెలియకుండానే చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. స్క్వాల్‌కు ముందు వరసలో ఎవరో పాప తల్లి ఒళ్ళోకి ఎక్కింది. తన గాలి ఇలా ఉంటుందా అనుకుని మురిసిపోయాడు. హరికేన్ లేచింది. వేదిక మీద తల్లి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "నాయనా!" అని కేక వేసింది. అక్కడ గాలి గేల్‌కు తగ్గి, మాటల వెనక హోరుమంటూనే ఉండాలి.

ఆగిపోయింది. పూర్తిగా.

పిడి ఊడిందా, గుడ్డ చిరిగిందా? బాబాయి సగం లేచాడు. అయిపోయింది, ఇక స్పీకరు మోగుతుంది అనుకున్నాడు. అదీ మోగలేదు. హాల్లో ఒక్క దగ్గు లేదు. గాలి మీద అరవడానికి అలవాటుపడిన ఆ నటి కూడా ఒక్క క్షణం తెల్లబోయి, మళ్ళీ పిలిచింది, ఈసారి మెల్లగా, గడప దగ్గర నిలబడి పిలిచినట్టు. బాబాయి పక్కన కూర్చున్న భారీ మనిషి జేబులో రుమాలు కోసం వెతుక్కున్నాడు. చాలాసేపటికి గాలి మళ్ళీ మొదలైంది, బ్రీజ్ నుంచి.

తెర పడగానే బాబాయి వెనక్కి పరుగెత్తాడు. పిన్ని ముక్కాలిపీట మీదే కూర్చుని మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. దర్శకుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"గేల్ అన్నాను కదా పిన్నీ, ఎందుకు ఆపేశారు?"

"ఆవిడ బిడ్డను పిలుస్తుంటే నేను తిప్పుతూ కూర్చోనా? వాడికి వినపడొద్దూ?"

దర్శకుడు బాబాయి వైపు తిరిగాడు. "స్పీకరు మీట మీద వేలు పెట్టాను బాబాయ్. నొక్కడం మర్చిపోయాను" అన్నాడు. ఆ తర్వాత తనే స్పీకరు తీగ చుట్టి పక్కన పెట్టాడు.

బాబాయి పీపా మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళూ ఆ తల్లి కేక మీద గాలి తిప్పుతూనే ఉన్నాడు. బాగా తిప్పానని పొంగిపోయేవాడు కూడా.

"భుజం నయమయ్యాక మళ్ళీ నేనే తిప్పుతా" అన్నాడు ఇంటిదారిలో.

"తిప్పండి. ఎవరొద్దన్నారు?"

కొంతదూరం నడిచాక, "నువ్వు ఆపావు చూడు, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో మరి" అన్నాడు.

"ఏమంటే మనకేం? ఆవిడ పిలిచినప్పుడు ఆపండి" అంది పిన్ని, ఆయన పై గుండీ విప్పుతూ.