పెదనాన్న పాతిన సరుగుడు కర్ర

పెదనాన్న పోయారు. పోయిన నెల నేను కాకినాడలో క్లాసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "పొద్దున్నే వల బాగుచేసుకుంటూ అలాగే ఒరిగిపోయారే. వచ్చెయ్" అంది.

ఆయన జీవితమంతా చేపల వేటకెళ్ళిన మనిషి. పిక్క మీద సొరచేప కరిచిన మచ్చ ఉండేది. ఎవరైనా ఆశ్చర్యపోయి అడిగితే, "దాని తప్పేం లేదండి. వలలో పడి పడవలోకొచ్చింది. చచ్చిందనుకుని మీద కాలేశాను" అనేవారు.

ఏడాది కిందట నేనూ ఇద్దరు స్నేహితురాళ్ళూ మా ఊరి ఒడ్డున సర్ఫింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాం. మొదటిరోజే పెదనాన్న నా బోర్డు పట్టుకుని ఆపేశారు.

"ఎక్కడ దిగుతారే?"

"ఎక్కడైనా ఒకటే సముద్రం కదా పెదనాన్నా! ఇక్కడ సొర ఎవర్నీ కరవలేదంట, ఫోన్లో చూశాను."

"నీ ఫోను ఎప్పుడైనా నీళ్ళలో దిగిందా?"

ఆ రోజు మమ్మల్ని ఒడ్డు పొడవునా నడిపించారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళు బురదగా ఉంటాయి. అక్కడ సొర మనకి కనపడదు, మనం దానికి కనపడం. పడవలు ఒడ్డుకి లాగే చోట వలలు జాడిస్తారు, చేపల పేగులు పారేస్తారు. సరుగుడు తోట ఎదురుగా నీళ్ళు తేట. "సొర మన కోసం రాదమ్మా, తిండి కోసం వస్తుంది. దాని కంచంలో కాలు పెట్టకండి" అన్నారు. తోట దగ్గర కూడా భయం లేదని మాత్రం అనలేదు. "ఇవాళ్టికి పర్లేదు" అన్నారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం తెల్లారేసరికి చిరిగిన వలముక్క కట్టిన సరుగుడు కర్ర ఇసుకలో ఉండేది. ఆ కర్రకి మొగ వైపు దిగకూడదు, తోట వైపే దిగాలి. వారానికో చోట ఉండేది. నేను నోట్‌బుక్‌లో ఒడ్డు బొమ్మ గీసి, అన్ని చోట్లూ గుర్తు పెట్టుకున్నాను. అది చూసి నవ్వేవారు. "నాకు చదువు రాదు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేనూ రాసేసుకుని ఇంట్లో పడుకునేవాణ్ణి."

కర్ర పాతే ముందు చాలాసేపు నిలబడి చూసేవారు. దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసేవారు. అందులో ఏం తెలిసేదో నేను ఒక్కసారీ అడగలేదు. కర్ర ఎక్కడుందో రాసుకున్నాను, అక్కడే ఎందుకో రాసుకోలేదు.

పెద్దకార్యం అయ్యాక మొన్న ఆదివారం స్నేహితురాళ్ళు వచ్చారు. ఆయన చివరిసారి పాతిన చోటే కర్ర ఉంది. కానీ ఈమధ్య ఏరు పొంగింది. కర్రకి తోట వైపు కూడా నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడ దిగుదామే?" అని నన్నడిగారు.

కర్ర పెకలించి తోట దాకా నడిచాను. దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూశాను. ఉప్పు వాసన తప్ప ఏమీ తెలియలేదు.

"ఇవాళ వద్దు" అన్నాను.

వాళ్ళు బోర్డుల మీద కూర్చున్నారు, ఇసుకలోనే. నేను కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాను. గాలికి వలముక్క నా మణికట్టుకి చుట్టుకుంటోంది.