ఇరవై మూడు బొట్లు

గడచిన గురువారం ఉదయం మెల్‌బోర్న్ నుండి ఒక పాత పుస్తకాల పరీక్షకుడు పంపిన నాలుగు పుటల నివేదిక టూవూంబాలోని మా ఇంటికి చేరింది. అది చదివిన క్షణం నుండి నాకు అన్నం సయించడం లేదు.

విషయం మొదటినుండి చెప్పడం నా అలవాటు. నా దగ్గర తోలు బైండు ఫ్రెంచి నవలలు నలభై ఒకటి ఉన్నాయి. అన్నీ పరిమిత ముద్రణలే. అంచులకు బంగారు పూత, నడుమ పట్టు రిబ్బను, చివరి పుటలో అది ఎన్నవ ప్రతో తెలిపే, చేత్తో వేసిన సంఖ్య. నా అనంతరం వాటిని విడదీయకుండా ఒకేచోట ఉంచుతామని ఒక గ్రంథాలయం వారు ఒప్పుకొని, ముందుగా పరిశీలనకు ఈ పెద్దమనిషిని పంపారు. ఆయన రెండు రోజులు మా ముందుగదిలో కూర్చుని, నేనిచ్చిన టీ అయినా ముట్టకుండా చూసి వెళ్ళి రాసినది ఇది: ఇరవై మూడు సంపుటాలలో అట్ట తీయగానే వచ్చే తెల్ల కాగితం మీద పసుపు, ఎరుపు మరక, ఆహార పదార్థం, బహుశా కూర, ఆ కాగితాలు తొలగించి కొత్తవి అతికించిన పిమ్మటనే స్వీకరించదగును.

కూర! పుస్తకానికి పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, పుస్తకం తెరిచి పెట్టుకుని అన్నం తిన్నానని ఈయన తీర్పు. భారతీయుడి ఇల్లు, పసుపు రంగు, ఇక వేరే సాక్ష్యం దేనికి? మరక ఏమిటని ఎదురుగా ఉన్న మనిషిని ఒక్కమాట అడగడానికి రెండు రోజులు చాలలేదు కాబోలు.

కాన్‌బెరాలో, హారిసన్‌లో ఉంటున్న మా అమ్మాయికి ఫోను చేసి నివేదిక మొత్తం చదివి వినిపించాను.

"నాన్నా, ప్లీజ్, బీపీ టాబ్లెట్ వేసుకున్నావా? హీ జస్ట్ డిడ్‌న్ట్ నో. ఆ పేజీలు మార్పిస్తే కలెక్షన్ అంతా సేఫ్‌గా ఉంటుంది కదా, వాట్స్ ద హార్మ్?" అంది.

ఏమి నష్టమో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. మాది యానాం. ఫ్రెంచివారి పాలన చివరి సంవత్సరాలలో అక్కడి బడిలో అక్షరాలు దిద్దాను. మా మాస్టారి బల్ల మీద ఒకే ఒక్క తోలు పుస్తకం ఉండేది, దానిని మమ్మల్ని తాకనిచ్చేవారు కాదు. ఆ కోరిక తీరడానికి నేను సముద్రాలు దాటి ఈ ఊరి ఆసుపత్రిలో రోగుల రికార్డులు చూసే ఉద్యోగంలో స్థిరపడవలసి వచ్చింది. నెలకో, రెండు నెలలకో ఒక పొట్లం వచ్చేది. ఆఫీసు పద్ధతిలోనే ఒక రిజిస్టరు తెరిచి, వరుస సంఖ్య, చేరిన తేదీ, చేరినప్పటి స్థితి, చదవడం ముగించిన తేదీ, రిమార్కులు అని గడులు గీశాను.

మొదటి పుస్తకం వచ్చినరోజు నా భార్య తోలు వాసనకు ముక్కు మూసుకుని, చర్మం తొడిగినదాన్ని దేవుడి గదిలోకి రానివ్వనంది. నేను అలమర తలుపు తీయబోతుంటే మళ్ళీ తనే చేతులు కడుక్కుని వచ్చి, "ఇంటికొచ్చిన సరస్వతిని బొట్టెట్టకుండా కూర్చోబెట్టేస్తారేంటండీ? చర్మం పైనే కదా, అదైతే మనకి మాత్రం లేదేంటి!" అని నవ్వి, అట్ట తెరిచి, లోపలి తెల్ల కాగితం మీద పసుపు రాసి కుంకుమ పెట్టింది. కాకినాడ మనిషి, ఫ్రెంచిలో ఒక్క అక్షరం రాదు. అయినా ప్రతి పొట్లానికీ చేతులు కడుక్కునేది.

నివేదికకు వాక్యానికి వాక్యం ఖండన రాయాలని, తేదీలతో సహా రుజువులు చూపాలని, శుక్రవారం ఆ రిజిస్టరు దించాను. మొదటి ఇరవై రెండు పుస్తకాల ఎదుట రిమార్కులేమీ లేవు. ఇరవై మూడవ దాని ఎదుట నా దస్తూరీలోనే ఉంది: "మొదటి కాగితంపై మరక. ఇకపై జరగకుండా ఇంట్లో హెచ్చరించడమైనది."

మరక అన్న మాట ముందుగా రాసినది నేనే.

అప్పుడంతా గుర్తుకొచ్చింది. నాలాగే పుస్తకాలు సేకరించే ఒకాయన ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, ఆ పుస్తకం తెరిచి, పిల్లలు పాడుచేశారా అని జాలిగా అడిగాడు. ఇది మా ఆచారమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన వెళ్ళాక నా సిగ్గునంతా ఆమె మీద కోపంగా కుమ్మరించాను. ఆమె నిదానంగా విని, "అంత ఫ్రెంచి చదివారు, తిట్టడానికి మాత్రం తెలుగే దొరికిందా అండీ?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. హాస్యమాడింది కనుక విషయం ముగిసిందనుకున్నాను. ఆ తరువాతి పద్దెనిమిది పుస్తకాలకు ఆమె చేతులు కడుక్కుని రాలేదు. నేను పద్దెనిమిది సార్లూ "శుభ్రం" అని సంతోషంగా రాసుకున్నాను. ఆమె పోయి నాలుగేళ్ళయింది. పరీక్షకుడికి తెలియదు, అడగలేదు. నాకు తెలుసు, అయినా ఎందుకు మానావని ఆమెను అడగలేదు.

శనివారం గ్రంథాలయం వారికి జాబు రాశాను. అవి కూర మరకలు కావనీ, నా భార్య పెట్టిన బొట్లనీ, ఒక్క కాగితం కూడా తొలగించనివ్వననీ, అలా స్వీకరించలేకపోతే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చుననీ రాసి, నకలు దాచుకున్నాను. జవాబు ఇంకా రాలేదు.

అమ్మాయి మెత్తబడి, "నెక్స్ట్ వీక్ వస్తాను నాన్నా, మిగతా ఎయిటీన్‌కి నేను పెట్టనా, అమ్మలాగా?" అని అడిగింది. దాని మనసు మంచిది, కానీ వద్దన్నాను. ఆ రోజుల్లో మా ఇంటికి పుస్తకం చుట్టంలా వచ్చేది, ఎదురువెళ్ళే మనిషి ఒకరుండేవారు. ఆ మర్యాద కాలంతో పాటు పోయిందని మా ఈడువాళ్ళం చెప్పుకుంటూ ఉంటాం. మా ఇంట్లో మాత్రం అది కాలం తీసుకుపోయినది కాదు, నేను మాన్పించినది. ఆ పద్దెనిమిది కాగితాలూ తెల్లగానే ఉండాలి.