సదాశివం కట్టిన ట్రాము

షెఫీల్డ్ నగరం మొత్తం మీద సదాశివం కుళ్లుకున్నది ఒక్క మనిషిని చూసే. ఆ మనిషికి ఎనభై దాటాయి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. చిత్రిక ఏ చేత్తో పట్టాలో కూడా తెలియదు. పేరు కెన్. అంత ముసలాయన మీద అసూయేమిటని సదాశివం భార్య శాంతకుమారి చాలాసార్లు నవ్వింది. నవ్వినప్పుడల్లా అతనికి మరింత మండేది.

సదాశివం విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన మేస్త్రీ. పదో తరగతి తప్పి పనిలో చేరాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది లేదు. పెద్ద మేస్త్రీలు కొలిచేటప్పుడు చూసి, తిట్టేటప్పుడు విని నేర్చుకున్నాడు. శాంతకుమారికి ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక, కూతురు మనోజ్ఞను చంకనేసుకుని ఆమె వెనకే వచ్చాడు. డెలివరీ వ్యాన్ల లోపల అరలు బిగించే చోట పని దొరికింది. జీతం బాగానే ఉంది గాని అది వడ్రంగం కాదు. ఎక్కడో కోసి పంపిన ప్లైవుడ్ ముక్కలు, చేతిలో స్క్రూగన్. నాలుగేళ్లు తిరిగేసరికి చెయ్యి మొద్దుబారినట్టు అనిపించింది.

అప్పుడు దొరికింది ట్రాము షెడ్డు. ఊరి చివర, మూతపడ్డ కత్తుల ఫ్యాక్టరీ వెనక ఉందది. ఈ నగరంలో పాత ట్రాములు ఆగిపోయి అరవై ఏళ్లు దాటింది. తర్వాత కొత్త ట్రాములు వచ్చాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. ముసలివాళ్లు మాత్రం వాటిని లెక్కలోకి తీసుకోరు. ట్రాము అంటే మీగడ రంగు, నీలం పట్టీలు, రెండంతస్తులు ఉండాలంటారు. అలాంటిదొకటి ఏదో పొలంలో కోళ్లగూడుగా పడి ఉంటే, కొందరు చందాలు వేసుకుని తెచ్చి షెడ్డులో పెట్టారు. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి వారాంతాల్లో ఊరికే వచ్చి పనిచేసేవాళ్లు కావాలన్నారు.

సదాశివం వెళ్లి చూశాడు. ఎముకలు మాత్రమే మిగిలిన బండి. కింది దూలాలు చివికిపోయాయి. గోడల్ని నిలబెట్టే నిట్టాళ్లను వేలితో పొడిస్తే వేలు లోపలికి దిగింది. ఆకలిగా ఉన్నవాడికి విస్తరి చూపించినట్టయింది.

ఆ శనివారం మొదలు మూడేళ్లు అక్కడే. యాష్ అనే గట్టి చెక్కతో నిట్టాళ్లు చెక్కాడు, కిటికీ చట్రాలు కట్టాడు, పైకి వెళ్లే వంపుమెట్లు నిలబెట్టాడు. షెడ్డు వ్యవహారాలు చూసే జూడిత్ అనే పెద్దావిడ అతను వచ్చినప్పుడల్లా "నువ్వు లేకపోతే ఏమయ్యేవాళ్లం, సదా" అనేది. బండి ఆకారానికి వచ్చేకొద్దీ చూడ్డానికి జనం రావడం మొదలైంది.

వచ్చిన జనం కెన్ చుట్టూ చేరేవారు.

కెన్ ప్రతి శనివారం బస్సెక్కి వచ్చి, హీటర్ పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగేవాడు. పని ఏమీ చేసేవాడు కాదు. వాళ్లమ్మ ఈ ట్రాముల్లోనే కండక్టరుగా చేసిందట. బడి లేనప్పుడు తను వెనక మెట్ల కింద కూర్చుని మిల్‌హౌసెస్ అనే పేట దాకా వెళ్లి వచ్చేవాడట. హై స్ట్రీట్ మలుపులో చక్రాలు ఎలా కీచుమనేవో, తడిసిన ఉన్ని కోట్ల వాసన కిటికీలు మూసిన రోజున ఎలా ఉండేదో చెప్పేవాడు. చివరి రోజు రాత్రి జనం దారి పొడవునా నిలబడి ఏడ్చారని చెబుతూ ఆగిపోయేవాడు. వింటున్న ఆడవాళ్లు చేతిరుమాళ్లు తీసేవారు. పది అడుగుల దూరంలో సదాశివం ఉలి కొడుతుంటే, కాస్త చప్పుడు ఆపమని సైగ చేసేవారు.

ఒకసారి తను కూడా చెప్పి చూశాడు. ఎవరో దంపతులు మెట్లు మెచ్చుకుంటే, ఆటోనగర్ సంగతి ఎత్తుకున్నాడు. నల్లమద్ది దూలాలు, ఎర్రటి ఎండ, ఒకే వరసలో నలభై లారీలు. వాళ్లు తలలూపి, "హౌ లవ్లీ" అని, కెన్ వైపు నడిచారు.

అన్నిటికన్నా మండింది వేరే. ఒకరోజు కెన్ బండెక్కి, వెనక ప్లాట్‌ఫారం మీది నిట్టాడికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "మా అమ్మ సరిగ్గా ఇక్కడే ఆనుకునేది" అన్నాడు ఎదుటివాళ్లతో. ఆ నిట్టాడి సదాశివం చెక్కి బిగించింది. దానికింకా వార్నిషు వాసన కూడా పోలేదు.

వాళ్లు వెళ్లిపోయాక ఉండబట్టలేక అన్నాడు. "అది నేను చేసిందండీ. పాతది పుచ్చిపోతే మంటలో వేశాం."

"తెలుసు, లవ్" అన్నాడు కెన్. ఈ ఊళ్లో మగవాళ్లు మగవాళ్లని కూడా అలాగే పిలుస్తారు. మొదట్లో సదాశివం ఉలిక్కిపడేవాడు. "సరిగ్గా చేశావు. అందుకే అమ్మ కనిపించింది."

మెచ్చుకోలే అది. అయినా ఆ పూట సదాశివానికి అన్నం సయించలేదు. నెల రోజులు పడి తను చెక్కిన చెక్కలో తనకి ఏమీ కనిపించదు. చెయ్యి ఆనించినవాడికి అమ్మ కనిపించిందట.

"మనకి అట్టా పోయినదేదీ లేదంటావా?" అని భార్యను అడిగాడు. "బెజవాడలో బస్సులు ఇంకా తిరుగుతానే ఉన్నాయి. ఆటోనగర్ అక్కడే ఉంది."

"పోలేదని సంతోషించాలి గాని, ఏడుస్తారా ఎవరన్నా?" అంది శాంతకుమారి డ్యూటీ చార్టులో తన షిఫ్టులు చూసుకుంటూ. "ఆయన దగ్గర చెప్పుకోడానికి మాటలున్నాయి, మీ దగ్గర బండుంది. ఇంకేం కావాలి?"

ఏం కావాలో సదాశివానికి తెలుసు. బండి బయటికి వచ్చే రోజున అందులో ముందు, డ్రైవరు చోట, తను నిలబడాలి.

ఆటోనగర్‌లో అది ఆనవాయితీ. బాడీ పూర్తయి లారీ యార్డు దాటేటప్పుడు, ఓనరు మేస్త్రీ భుజాన కొత్త తువ్వాలు వేసి ముందు సీట్లో కూర్చోబెడతాడు. మొదటి చుట్టు మేస్త్రీది. ఓనరు ఎంత మొనగాడైనా ఆ ఒక్క చుట్టూ పక్కన కూర్చోవాల్సిందే. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, ఎవరూ అడగరు. అందుకే సదాశివం కూడా ఇక్కడ ఎవరినీ అడగలేదు. మే నెలలో ఫలానా శనివారం ట్రామును షెడ్డు బయట వేసిన పట్టాల మీద నడిపిస్తామని జూడిత్ చెప్పగానే, ముందు నిలబడేది తనేనని ఉగాది విందులో తెలుగువాళ్లందరి ముందూ ప్రకటించేశాడు.

"అయితే డ్రైవరు మీరేనన్నమాటండి" అన్నాడు సుబ్బరాజు. ఆయనది భీమవరం దగ్గర, సాఫ్ట్‌వేరు కంపెనీలో పెద్ద మేనేజరు. ఊళ్లో తెలుగువాళ్ల పండగలన్నీ ఆయన చేతుల మీదే జరుగుతాయి.

"డ్రైవరు కాదండి, మేస్త్రీ. బాడీ బయటికొస్తే మొదటి చుట్టు మేస్త్రీదే."

"ఆయ్! అయితే మేమందరం వచ్చేస్తామండి. పులిహోర కట్టుకుని మరీ వస్తాం. ఇంగ్లీషోళ్ల ట్రాము మనోడు తోలుతుంటే చూడకపోతే ఎలాగండి?"

అన్నట్టే మూడు కార్లలో వచ్చారు.

వాళ్ల కంటే ముందే సదాశివం భార్యాబిడ్డలతో షెడ్డు చేరాడు. కొత్త చొక్కా, ఇస్త్రీ ప్యాంటు. జూడిత్ ఎదురొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "సదా, నువ్వు మాతోపాటు గేటు దగ్గర నిలబడు. ఫొటోలో నువ్వు తప్పకుండా ఉండాలి. బండిలో ముందు కెన్ నిలబడతాడు. ఇంకెవరు నిలబడతారు చెప్పు?"

ఇంకెవరు అన్న మాట ఆమె ఎంత మామూలుగా అంది! ఎవరూ మోసం చెయ్యలేదు. మాటిచ్చి తప్పినవాళ్లూ లేరు. తన దేశంలో అడగనక్కర్లేని విషయాన్ని ఇక్కడా అడగనక్కర్లేదనుకున్నాడు, అంతే. పైన కరెంటు తీగ కూడా లేదు. చిన్న బ్యాటరీ బండి వెనక నుంచి తోస్తుంది. ముందు నిలబడ్డవాడు బ్రేకు చక్రం పట్టుకుని, కాలితో గంట కొట్టాలి. ఆ మాత్రానికి ఒంట్లో రక్తమంతా చెవుల్లోకి ఎక్కింది.

మొహం దాచుకోడానికి బండెక్కాడు. లోపలి నుంచి డ్రైవరు నిలబడే చోటికి పక్కకు జారే తలుపు ఒకటుంది. అలవాటు కొద్దీ లాగి చూశాడు. సగంలో పట్టేసింది. రెండు రోజులుగా వాన, షెడ్డు కప్పు సరిగ్గా ఆ మూల కారుతుంది. చెక్క ఉబ్బింది. పై అంచున రెండుసార్లు చిత్రిక పడితే చాలు. సంచిలోంచి చిత్రిక తీశాడు.

కెన్ ముందుకు వెళ్లాలంటే ఈ తలుపులోంచే వెళ్లాలి. చిత్రికను సంచిలో పెట్టేసి, తలుపు మూసి, కిందికి దిగాడు.

జనం పోగయ్యారు. టోపీలు, చేతికర్రలు, మడత కుర్చీలు. తెలుగువాళ్లు ఒక పక్కగా నిలబడ్డారు.

"ఏవండీ సదాశివంగారూ, ఇంకా ఎక్కలేదేంటండి?" సుబ్బరాజు గొంతు అందరికీ వినపడింది. "పెళ్లికొడుకు మండపం బయట నిలబడ్డట్టుందండి!"

సదాశివం వినపడనట్టు నటించాడు. శాంతకుమారి అతని మొహం చూసింది, విషయం అర్థమైంది. దగ్గరికి జరిగి నిలబడింది.

కెన్ బండి వెనక వైపు ప్లాట్‌ఫారం ఎక్కాడు. జనం చప్పట్లు కొట్టారు. కిటికీల్లోంచి ఆయన ఒక్కో సీటు పట్టుకుంటూ ముందుకు నడవడం కనిపిస్తోంది. తలుపు దగ్గర ఆగాడు. లాగాడు. మళ్లీ లాగాడు. జూడిత్ లోపలికి పరిగెత్తింది. ఇద్దరూ కలిసి లాగినా కదల్లేదు. సదాశివం గుండెల్లో ఏదో తియ్యగా కదిలింది. లాగండి, ఇంకా లాగండి అనుకున్నాడు.

అతని ముందు నిలబడ్డ ఒకాయన పక్కవాడితో, "కొత్త చెక్కపని కదా. పాతవాళ్ల చేతిలో తయారైనదైతే ఇలా పట్టేసేది కాదు" అన్నాడు. పక్కవాడు నిజమేనన్నట్టు తలూపాడు.

"డాడ్" అంది మనోజ్ఞ, "దట్స్ యువర్ డోర్."

తియ్యదనం అక్కడే విరిగింది. ఎవరో తన మొహం మీద ఉమ్మినట్టయింది. సదాశివం సంచి తీసుకుని జనాన్ని తోసుకుంటూ వెళ్లి బండెక్కాడు. జూడిత్‌ని పక్కకు జరగమన్నాడు. అరచేత్తో తలుపు అంచు మీద రెండు దెబ్బలు వేసి, కింది గాడిలోంచి ఎత్తి బయటికి తీశాడు. సీటుకి ఆనించి చిత్రిక పట్టాడు. పొట్టు చుట్టలు చుట్టుకుంటూ ఇస్త్రీ ప్యాంటు మీద పడింది. కెన్ పక్కనే నిలబడి చూశాడు.

"వాన కదా, ఉబ్బి ఉంటుంది" అన్నాడు ముసలాయన. "పొద్దున్న చూసుకోలేదా?"

"చూశాను."

కెన్ అతని వైపు తిరిగాడు.

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"తలుపు నాది" అన్నాడు సదాశివం.

అంచు మీద మైనం రుద్ది, తలుపు గాడిలో పెట్టాడు. చిటికెన వేలితో తోస్తే చివరిదాకా జారింది. కెన్ ముందుకు వెళ్లి బ్రేకు చక్రం మీద చెయ్యి వేశాడు. "నువ్వూ రా. మళ్లీ పట్టేస్తే నా వల్ల కాదు" అన్నాడు, నవ్వకుండానే.

దానంగా ఇచ్చిన చోటు తనకెందుకు అనుకున్నాడు సదాశివం. దిగిపోదామనే అనుకున్నాడు. కిటికీ అవతల సుబ్బరాజు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. సదాశివం వెళ్లి కెన్ పక్కన నిలబడ్డాడు.

బండి కదిలింది. కెన్ మాట్లాడతాడని, ఆ కథలన్నీ మళ్లీ వినాల్సి వస్తుందని సదాశివం పళ్లు బిగించాడు. కెన్ మాట్లాడలేదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా కాలితో గంట కొట్టాడు. కొంచెం దూరం పోయాక ఇంకోసారి కొట్టాడు. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. యార్డు సగానికి వచ్చాక ఆయన ఒళ్లంతా కుడివైపుకి ఒరిగింది. పడిపోతాడేమోనని సదాశివం పట్టుకోబోయాడు. పడిపోవడం కాదు. మలుపు తిరిగే బండిలో మనిషి ఎలా ఒరుగుతాడో అలా ఒరిగాడు. కింద పట్టాలు తిన్నగా ఉన్నాయి.

సదాశివం అద్దంలోంచి ముందుకు చూశాడు. ఇటుక గోడ, పక్కన కారు పార్కింగు, దానికవతల చెత్త డబ్బాలు. కళ్లు చిట్లించి మళ్లీ చూశాడు. ఇటుక గోడే. ప్రతి అతుకూ తన చేత్తో బిగించిన బండి ఇది. అలాంటి బండెక్కి ఆ ముసలాయన ఎక్కడికో పోతున్నాడు. తను మాత్రం షెడ్డు ముందే ఉన్నాడు. ఇంత అసూయ అతనికి ఈ మూడేళ్లలో ఎప్పుడూ కలగలేదు.

పట్టాల చివర బండి ఆగింది. జనం చుట్టుముట్టారు. సదాశివం కిందికి దిగాడు. సుబ్బరాజు వచ్చి కావలించుకుని, "మేస్త్రీ అనిపించుకున్నారండి" అన్నాడు. శాంతకుమారి అతని ప్యాంటు మీది పొట్టు దులుపుతూ మెల్లిగా అడిగింది.

"ఎట్టా ఉంది?"

"ఏముంది, ఆ గోడ దాకా వచ్చాం. బాడీ ఎక్కడా చప్పుడు చెయ్యలా."

"ఆయనేడీ?"

సదాశివం వెనక్కి తిరిగి చూశాడు. కెన్ రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. జూడిత్ ఏదో అడుగుతోంది, ఆయన వినడం లేదు.

"ఆయనింకా దిగలా" అన్నాడు సదాశివం.