లోకాంతానికి అడ్డొచ్చిన పెళ్లి

ఆ రోజుల్లో లోకం ఎప్పుడు అంతమవుతుందో అందరికీ ముందే తెలిసిపోయింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు చచ్చిపోతాయని పేపర్లు, విమానాలు రాలిపోతాయని కేబుల్ టీవీ, ఇవన్నీ ప్రభువు రాకడకు గుర్తులేనని ప్రసంగాల క్యాసెట్లు ఒకేసారి చెబుతుంటే, ఏది వార్తో ఏది ప్రవచనమో మా తిరువూరులో ఎవరికీ అంతుబట్టేది కాదు. నాకు మాత్రం అన్నీ తెలుసు. (కాలేజీ దాటగానే అన్నీ తెలియకపోతే ఇంకెప్పుడు తెలుస్తాయి?) హేతువాద సభల్లో నోటికి పదును పెట్టుకుని, వాదించడానికి మనిషి దొరకని రోజున దిగులుపడేవాణ్ణి.

మా పక్కింటి టీచరత్తయ్య చర్చికి వెళ్లే మనిషి. (చుట్టరికం లేదు, చిన్నప్పుడు ఎక్కాలు నేర్పింది కనుక అత్తయ్య.) వాళ్లమ్మాయికి ఎ.కొండూరు సంబంధం కుదిరి, జనవరిలో పెళ్లి అనుకున్నారు. ఇంతలో పెళ్లికొడుకు తల్లి సంచీ నిండా కరపత్రాలు, క్యాసెట్లు వేసుకుని వచ్చి, లోకమే పోతుంటే పెళ్లేమిటి, రెండువేల సంవత్సరం గడిచాక చూద్దామంది. పెళ్లికూతురు అన్నం మానేసి గదిలో తలుపేసుకుంది.

నేను ఊరుకుంటానా? బెజవాడ వెళ్లి, ఇంటర్నెట్ షాపులో దొరికిన ఖండనలన్నీ ప్రింటు తీయించి, కట్ట చంకన పెట్టుకుని, ఆవిడ మళ్లీ వచ్చిన రోజున అత్తయ్య వాళ్లింటి వరండాలో ఉపన్యాసం మొదలుపెట్టాను. నేనొక కాగితం తీస్తే పెళ్లికొడుకు తల్లి ఒక కరపత్రం తీసేది. నాకు సైన్సు, ఆవిడకు బైబిల్లోని ప్రకటన గ్రంథం. కాఫీలు చల్లారిపోయాయి. చివరికి అత్తయ్య నోరు విప్పింది.

"వదినగారూ, ఏ మాట దేవుడి దగ్గర్నించి వచ్చిందో పరీక్షించి నమ్మమన్నారు గదా మనల్ని. ఈ క్యాసెట్లు విన్నాక మీకు ప్రేమ పెరిగిందా, భయం పెరిగిందా?"

ఆవిడ కొంగు సర్దుకుంది. "నిద్ర పట్టట్లేదు వదినా" అంది చిన్నగా.

నేను గెలిచినట్టు నవ్వాను. అత్తయ్య నా వైపు తిరిగింది. "నువ్వెందుకురా నవ్వుతావు? ఇన్ని కాగితాలు చదివావు. ఆవిడెందుకు భయపడుతోందో ఒక్కసారైనా అడిగావా?"

వదినలిద్దరూ అక్కడే మోకరించి, భయం తీసెయ్యమని ప్రార్థన చేసుకున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను కాగితాలు పట్టుకుని గోడకు ఆనుకున్నాను. లేచాక ఆవిడ కళ్లు తుడుచుకుని, పెళ్లికూతురి తెల్లచీర మీదికి ముసుగు విజయవాడలో కొంటారా, ఇక్కడే కుట్టిస్తారా అని అడిగింది. గది తలుపు తెరుచుకుంది.

జనవరి వచ్చింది, లోకం ఉంది, పెళ్లి జరిగింది. ప్రమాణాలకు ముందు పాస్టరుగారు, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి, లేదా ఇకమీదట మౌనంగా ఉండండి అన్నారు. చర్చి మొత్తం ఒక్కసారిగా నా వైపు తిరిగింది. ముందు వరుసలోంచి పెళ్లికొడుకు తల్లి కూడా, కాస్త బెరుగ్గా. ఆనాటి నాలోని ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్దొస్తాడు. అప్పటికే విన్న ప్రసంగంలో తర్కదోషాలు బోలెడు ఏరిపెట్టుకుని కూడా, తల వంచుకుని, పెదాలు బిగబట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు, పాపం.