జీపుకు మొలిచిన వేపకొమ్మ

నేను తలనొప్పి అంటే మా ఇంట్లో జలుబు మందు కూడా ఇవ్వరు. ఏం చెప్పినా సగానికి సగం కొట్టేసి వింటారు. మీరూ అలాగే చదవండి.

ఫ్యాక్షన్ రోజుల్లో ప్రొద్దుటూరులో నాకు వెల్డింగ్ షాపుండేది. అప్పట్లో నాయకుడి స్థాయిని జీపుకు వేలాడే మనుషులను బట్టి కొలిచేవాళ్లు. లోపల సీట్లు ఖాళీగా ఉన్నా అనుచరులు ఫుట్‌బోర్డు మీదే నిలబడాలి. మా వీధి నాయకుడి జీపు తేనెపట్టుకు చక్రాలు బిగించినట్టుండేది.

ఆ ఫుట్‌బోర్డును మోసే బ్రాకెట్టు మాటిమాటికీ విరిగేది. నేను ఇంకా మందం ఇనుము వేసేవాణ్ని. మళ్లీ అదే మూలలో విరిగేది. చివరికి జమ్మలమడుగు సంతలో అనుచరులంతా వంకాయల గుట్టలో పడ్డారు. అవతలి పార్టీవాళ్లు ఎలక్షన్ గెలిచినంతగా నవ్వారు. ఇంకోసారి విరిగితే నా షాపుండదని కబురొచ్చింది.

మరుసటి పొద్దున ఒక మేకలాయన షాపు ఎదుటి వేపచెట్టెక్కి మేకలకు ఆకురొట్ట కొడుతున్నాడు. లారీ అంత మనిషి, కొమ్మ మీద ఊగుతున్నాడు. కొమ్మ విరగదే! చూస్తే, అది మానులోంచి పుట్టినచోట మూలే లేదు. అక్కడ కండపట్టి, వంపు తిరిగి, పోనుపోను సన్నబడింది. చెట్టు బరువు పడినచోట పెరుగుతుంది, పనిలేనిచోట పిసినారి. నా బ్రాకెట్టుదేమో మడతపెట్టినట్టున్న మూల. బరువంతా అక్కడే, సినిమాహాలు గేటు దగ్గర జనంలా, తొక్కుకునేది.

మూలలో ఇనుము పోసి, ఆకురాయితో నున్నగా వంపు తెచ్చాను. కొసల్లో అనవసరమైనదంతా కోసేశాను.

నాయకుడు వచ్చి చూశాడు. ఆయన లెక్కలో బలమంటే మందమే. పైగా అవతలి పార్టీ జీపులూ నా షాపుకే వస్తాయి.

"ఏందప్పా, ఇంత బక్కగా చేసినావు? వాళ్లేమన్నా చెప్పినారా?"

"లేదన్నా. పనిలేని చోటనే కోసినా. వేపచెట్టు ఇట్లనే పెరుగుతాది."

"చెట్టు యాడన్నా పులివెందులకు పోతాదా? నువ్వే ఎక్కి ఏలాడు. కొసన."

కొసన ఎక్కాను. నా పక్కవాడి భుజానికి ఒక సంచి. అందులో ఏముందని ఆ రోజుల్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ముద్దనూరు దాటాక రోడ్డు గుంతల్లో ఎనుములు ఈదొచ్చు. జీపు ఎగిరినప్పుడల్లా అందరూ నా ముఖమే చూశారు. పులివెందుల చేరాం. బ్రాకెట్టు కిర్రుమనలేదు. నాయకుడు దాన్ని కాలితో తన్ని చూసి, అవతలి పార్టీకి మాత్రం పాత మూలే వేయమన్నాడు.

ఇందులో కల్పించింది వంకాయలను కాదు, మేకలాయన లావునూ కాదు. ముద్దనూరు తర్వాతి ప్రయాణాన్ని. అక్కడ టీకి ఆగినప్పుడు నేను మళ్లీ జీపెక్కలేదు, వెనకాలే బస్సులో పోయాను. పులివెందుల బస్టాండులో దిగేసరికి జీపు, అనుచరులు, బ్రాకెట్టు, అందరూ క్షేమంగా నాకోసం చూస్తున్నారు.