యాకోబు చేతి క్లచ్ కారు

నంద్యాల యాకోబుకు స్టీరింగంటే ఎంత పిచ్చో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింటికి వెళ్ళి, మామగారి మంచం మీద కూర్చుని కబుర్లాడుతూ రెండు కాళ్ళతోనూ నేలను నొక్కుతూనే ఉన్నాడట. అల్లుడికి వాతమేమోనని మామగారు హడలిపోయాడు. వాతమూ లేదు, పాడూ లేదు. మనవాడు కూర్చున్న చోటునుంచే గిద్దలూరు ఘాటులో లారీ ఎక్కిస్తున్నాడు!

అలాంటి మనిషికి ఎడమకాలు పోయింది. డెబ్బై తొమ్మిదిలో వేరుశనగ లోడుతో ఘాటు దిగుతుంటే టైరు పంచరైంది. జాకీ ఎత్తి కింద దూరాడు, జాకీ జారింది. తొడ సగం దాకా తీసేశారు. ప్రాణం దక్కిందని పాస్టరు ప్రార్థన చేస్తే వాడంతా ఆమెన్ అంది, యాకోబు ఒక్కడే అనలేదు. క్లచ్ తొక్కే కాలే పోయాక ఇంక దక్కిందేమిటని అతని ఏడుపు. భార్య దేవమ్మ గోస్పాడు బడిలో టీచరు కాబట్టి ఇల్లు గడిచింది. అతను బస్టాండు దగ్గర పంచర్లు వేసుకుంటూ, దారిన పోయే ప్రతి లారీనీ మెడ తిప్పి తిప్పి చూసేవాడు.

దేవమ్మది ఒకటే మాట. "ఒగ కాలు ఆ రోడ్డుకిస్తివి. మిగిలిన మనిషిని నాకుండనీ. మల్లా స్టీరింగు పట్టుకున్న్యావంటే నేను నీకు దక్కను." అతను సరేనన్నాడు. అనకేం చేస్తాడు పాపం!

ఆ మాట మీద ఏళ్ళు గడిచిపోయాయి. ఎనభై ఏడు ఎండాకాలంలో బనగానపల్లెలో శేషయ్యగారి మామిడితోటలో ఆయిలింజను మొరాయించిందంటే బాగుచేయడానికి యాకోబు వెళ్ళాడు. అక్కడ ఒక చెట్టుకింద కనిపించిందండీ ఆ బండి. బెంగుళూరులో ఫైబరుతో చేసిన బుడ్డ కారు. పక్కకు రెండు తలుపులు, వెనకాల డిక్కీకి బదులు పైకెత్తే తలుపు. శేషయ్య సరదాపడి కొనుక్కుంటే ఒకనాడు ఎనుము, అదేనండీ గేదె, అడ్డమొచ్చింది. కారు దాన్ని గుద్ది, గిర్రున తిరిగి, వెనకవైపు పోయి నేలలో పాతిన రాతికూసానికి కొట్టుకుంది. ఎనుము లేచి దులుపుకుని పోయింది. కారు లేవలేదు. అప్పటినుంచి దాంట్లో కోళ్ళు పొదుగుతున్నాయి.

యాకోబు చంకకర్రను బండికి ఆనించి, కోడిని అదిలించి, సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పడగానే ఒళ్ళు ఝల్లుమంది. "ఒట్టు బండి నడిపితే గదా, నిలబడిన బండిలో కూచుంటే తప్పేంది!" అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. కిందికి చూశాడు. మూడు పెడళ్ళు, ఒక కాలు. ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా అప్పుడే శేషయ్య జీపు వచ్చి పక్కన ఆగింది. ఆయన హ్యాండ్ బ్రేకు కర్ర్‌మని లాగి వదిలేసి దిగబోయాడు. లాగిన చోటే అది బిగుసుకుని నిలబడింది.

"శేషయ్యన్నా! మల్లొగసారి లాగు!" అని కేక పెట్టాడు యాకోబు.

"దేన్నప్పా?"

"ఆ హ్యాండ్ బ్రేకన్నా! లాగు, బేగా!"

ఎండదెబ్బ తగిలిందేమో అనుకుంటూ శేషయ్య మళ్ళీ లాగాడు. యాకోబుకు కళ్ళముందు మెరుపు మెరిసినట్టయింది. అది గనక క్లచ్‌కు బిగిస్తే? ఎడంచేత్తో లాగితే క్లచ్ దిగుతుంది, దిగిన చోటే నిలబడుతుంది. అదే చేత్తో గేరు మార్చుకోవచ్చు. తర్వాత కడ్డీ కొసనున్న బొత్తాం నొక్కి మెల్లగా వదిలితే బండి కదులుతుంది. కాలెందుకు? కాలు దండగ!

"ఈ కాపు అయిపోయేదాంక నీ మోటార్లన్నీ నేనే చూస్తా. ఈ బండి నాకియ్యన్నా," అన్నాడు.

"దీన్నా? మరి నా కోళ్ళు యాడ పొదగల్లప్పా?" అన్నాడు శేషయ్య. అయినా ఇచ్చాడు.

ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చి ఇంటిముందు నిలిపేసరికి దేవమ్మ బడినుంచి వచ్చింది. ఆ రోజు వంటింట్లో గిన్నెలు పడిన పాట్లు ఆ గిన్నెలకే తెలియాలి. చివరికి బయటికొచ్చి నడుమున చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మాటిస్తివా లేదా?"

"ఇస్తినిమే. కాలుతో నడపనని ఇస్తి. ఇది చేతి బండి."

"నాకు చెప్తాండావా ఈ తెలివి?" అంది గానీ, అతని ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో అంత కళ చూసి ఎన్నేళ్ళయిందో! పోట్లాట మాని పందెం కట్టింది. "సరే, చేసుకో. అయినాక నన్ను కూచోబెట్టుకొని ఆళ్ళగడ్డ దాంక పో. దారిలో ఇంజను ఆగకుండా పోయినావా, బండి నీది, రోడ్డు నీది. ఒగ్గసారి ఆగిందా, ఇది మల్లా కోళ్ళ పాలు, నువ్వు పంచర్ల పాలు. స్టీరింగు మాట నా బతుకులో ఇంగ ఎత్తరాదు."

ఆ ముక్కలకుప్ప కదలనే కదలదని ఆమె ధీమా. యాకోబుకేమో ఆడబోయిన తీర్థం ఎదురైనంత సంతోషం. లైసెన్సుకు బ్రేక్ ఇన్‌స్పెక్టరు తర్వాత, ముందు ఇంట్లో ఇన్‌స్పెక్టరు పాస్ చెయ్యాలి గదా! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

ఇక చూడండి ఆ మనిషి హుషారు! ఇంజను ఊడదీసి, కార్బొరేటర్లో దూరిన కోడి ఈకలు ఏరి, కడిగి ఎక్కించాడు. పాత సామాన్ల కొట్టులో బస్సు సీటొకటి దొరికితే కోసి రెండు చేశాడు. చర్చి కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగు దీనికి పూశాడు. తన లారీలోనుంచి దాచుకున్న హారను తెచ్చి బిగించాడు. అది మోగితే వీధిలో మేకలు తాళ్ళు తెంచుకునేవి. పిట్ట కొంచెం కూత ఘనం అని వాడవాడంతా నవ్వింది.

చిక్కంతా పగిలిన వెనక తలుపుతో వచ్చింది. నంద్యాలలో రేకుల పనివాడికి చూపిస్తే, అలవాటు చొప్పున గ్యాసు మంట పెట్టాడు. ఇనుమైతే అతుక్కునేది. ఫైబరు భగ్గుమని మండి, ఆ కంపుకు వీధి వీధంతా ముక్కులు మూసుకుంది. సగం తలుపు బూడిదైంది. "ఇది ఇనుము గాదు, కట్టె గాదు. అచ్చు పోసే వస్తువు," అనుకున్నాడు యాకోబు. అచ్చు అనగానే గుర్తొచ్చాడు ఆళ్ళగడ్డ నారాయణాచారి.

ఆచారి రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. లారీ రోజుల్లో ఆయన చెక్కిన దేవుళ్ళను ఊరూరికీ చేరవేసింది యాకోబే. వరిగడ్డిలో పడుకోబెట్టి, గతుకు వస్తే చంటిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా దాటించేవాడు. చేతులు జోడించి మొక్కింది లేదు గానీ, ఒక్క విగ్రహానికి వేలు విరగనిచ్చింది లేదు. ఆ చనువుతో కాలిన తలుపును బస్సు మీదికెక్కించి తీసుకుపోయాడు.

ఆచారి తలుపును అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. "అతుకు వెయ్యనప్పా. మా పనిలో ముక్క ఊడితే ఎంత మంచి రాయైనా తీసి అవతల పెడతాం. భిన్నమైనదానికి మా ఉలి తగలదు."

యాకోబుకు ఎక్కడలేని కోపమూ వచ్చేసింది. "అట్లయితే నన్ను గూడా తీసి అవతల పెట్టు ఆచారీ! నేనూ ముక్క ఊడినోన్నే గదా!" అని చంకకర్రతో నేలను కొట్టాడు.

ఉలుల చప్పుడు ఆగిపోయింది. ఆచారి తన పక్కనున్న పీట ముందుకు జరిపాడు. "కూచో యాకోబూ. దేవునికి పెట్టిన లెక్క మనిషికి పెట్టొద్దులే. తప్పు నాదే," అని, కుర్రాణ్ణి పిలవకుండా తనే లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "పాతది అతకను. కొత్తది పోసిస్తా."

బంకమట్టితో అచ్చు చేసి, కర్నూలునుంచి తెప్పించిన ఫైబరు గుడ్డను జిగురులో తడిపి పొరమీద పొర వేశాడు. రాయితో పని చేసే చెయ్యి గదా, ఎంత మందం చాలో తెలియలేదు. తలుపు బండరాయంత బరువు తూగింది! పైకెత్తితే నిలవక దబ్బున నెత్తిమీద పడేది. చివరికి యాకోబు తన పాత చంకకర్ర ఒకటి కోసి ఊతం పెట్టాడు. పైగా ఆచారి చెయ్యి ఊరుకోక అంచు చుట్టూ మామిడి ఆకుల లత కూడా తీర్చాడు. దేశంలో ఏ కారుకుందండీ అంత ముచ్చటైన వెనక తలుపు!

హ్యాండ్ బ్రేకు కడ్డీని క్లచ్‌కు రాడ్డుతో కలిపి వెల్డింగు పెట్టించి, మిషన్ కాంపౌండు వెనక ఖాళీ జాగాలో మొదటిసారి వదిలాడు. బండి కప్పలా ఎగిరి దూకి చచ్చింది. మళ్ళీ వదిలాడు, మళ్ళీ దూకింది. చూడవచ్చినవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. యాకోబు వాళ్ళకంటే గట్టిగా నవ్వాడు. దూకితేనేం, దూకించింది తను గదా! దసరా సెలవులొచ్చేసరికి ఆ ఎడంచెయ్యి ఎంత సాధన చేసిందంటే, బండి నీళ్ళమీద పడవలా కదిలేది.

దసరా సెలవుల్లో ఒక పొద్దున దేవమ్మ తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుంది. "గుర్తుందా? ఒగ్గసారి ఆగినా..."

"ఉందిలేమే," అన్నాడు. తాళం తిప్పాడు.

నంద్యాల దాటింది. శిరివెళ్ళ దాటింది. బండి ఎక్కడా తొణకలేదు. కిటికీలోంచి గాలి ముఖాన కొడుతుంటే యాకోబుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళకమ్మా ఈ గాలి! ఎదురొచ్చిన లారీకి హారను కొట్టాడు. లారీవాడు బిత్తరపోయి చూస్తే పగలబడి నవ్వాడు. దేవమ్మ మాత్రం కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూనే ఉంది. ఏమని ప్రార్థిస్తోందో అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఆళ్ళగడ్డ ఇంక కనుచూపు మేరలో ఉందనగా, మలుపు తిరగగానే రోడ్డునిండా గొర్రెల మంద! యాకోబు కడ్డీ లాగాడు. టక్‌మంది. వెల్డింగు విరిగి కడ్డీ చేతిలోకి ఊడొచ్చింది.

కుడికాలు బ్రేకు మీద ఉంది. క్లచ్ లేకుండా ఇంకాస్త తొక్కితే ఇంజను చస్తుంది, తొక్కకపోతే గొర్రెలు చస్తాయి. అప్పటికే బండి గడగడా వణుకుతోంది. ఊడిన కడ్డీని ఆమెకు చూపిస్తూ అన్నాడు. "అయిపాయెనే దేవమ్మా."

దేవమ్మ కళ్ళు తెరిచింది. గొర్రెలను చూసింది, విరిగిన కడ్డీని చూసింది, అతని ముఖం చూసింది. ఊరకే కూర్చుంటే చాలు, పందెం ఆమెదే. ఇక ఏ రోడ్డూ అతన్ని ఆమె దగ్గరనుంచి తీసుకుపోజాలదు.

చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, చెప్పు విదిలించి, ఆ ఇరుకు బండిలో కుడికాలు అతని వైపుకు చాపి క్లచ్ పెడలును నేలకు తొక్కేసింది. చావబోయిన ఇంజను ఊపిరి తీసుకుంది.

"గేరు మార్చుకో! నా మొగం చూస్తావేంది?" అని అరిచింది.

యాకోబు గేరు మార్చాడు. మంద బండికి అటూ ఇటూ పాయలుగా చీలి వెళ్ళిపోయింది. టీచరమ్మ కాలు మొగుని సీటు దగ్గర ఉండటం చూసి గొర్రెలకాపరి నోరు తెరిచాడు.

"ఇప్పుడు వదలాల్నా?"

"మెల్లగా... ఇంగా మెల్లగామే..."

బండి ఒక్క కుదుపైనా లేకుండా ముందుకు సాగింది. "పోతాండాది! ఏమయ్యా, పోతాండాది!" అని దేవమ్మ సీట్లో ఎగిరింది. ఆ తర్వాత దారి పొడుగునా ఒకటే కేకలు. "తొక్కు" అని అతను, "తొక్కినా" అని ఆమె. "వదులు" అని అతను, "నువ్వు చెప్పేదానికంటే ముందే వదిల్తిలే" అని ఆమె. అవసరం లేని చోట కూడా గేర్లు మార్చాడు యాకోబు.

ఆచారి ఇంటిముందు ఆగి, ఆయన ఇంట్లోనే భోజనాలు చేసి, మళ్ళీ బండి దగ్గరికొచ్చారు. విరిగిన కడ్డీ చూసి ఆచారి నొచ్చుకున్నాడు. "యాడ ఆగిపోతిరో ఏమో పాపం. పక్కనే కమ్మరాయన ఉండాడు, పిలుస్తా. బేగా అతికిచ్చేస్తాడు."

"యాడా ఆగలేదన్నా," అంది దేవమ్మ. అప్పటికే ఆమె చెప్పు విప్పి పక్క సీట్లో సర్దుకుని కూర్చుంది. "కమ్మరాయన్ను ఎందుకులే పిలిచేది. ఈ పూటకు ఇట్లనే పోతాం. నువ్వు తిప్పయ్యా తాళం."