సత్రపట్టిలో కడగని రోకలిబండ కోసం

ఈ ప్రయాణానికి కారణం ఒక పురుగు. రోకలిబండ, జెర్రి, ఈగ, రొయ్య వంటి కీళ్ళ కాళ్ళ జీవుల్లో ఎవరికెవరు దగ్గర చుట్టాలో జన్యువుల్లోని అక్షరాల వరుసను పోల్చి తేల్చడం నా పరిశోధన. పైకి ఎలా కనిపించినా, ఈగకు జెర్రికంటే రొయ్యే దగ్గర. నా పట్టికలో రాజపాళయం కొండల అంచున తిరిగే ఎర్ర రోకలిబండ గడి ఒక్కటే ఖాళీ. సోమవారం ల్యాబులో ఆ అక్షరాలు చదివే మెషిన్ మీద నా వంతు, అది తప్పితే థీసిస్ ఇంకో ఏడాది వెనక్కి. అయినా నాకు బెంగ లేదు. నేను వెతికితే దొరుకుతుంది.

శనివారం ఉదయం ఆరింటికి మదురైలో బస్సెక్కితే ఎనిమిదిన్నరకు రాజపాళయం, టికెట్ వంద లోపే. అక్కడి నుంచి షేర్ ఆటోలో ఇరవై రూపాయలకు సత్రపట్టి. తమిళనాడే అయినా ఇక్కడ తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్ళున్నాయి. డ్రైవరు నా మాట విని, మీది సినిమా తెలుగు, మాది ఇంటి తెలుగు అని తేల్చేశాడు.

నేను వెళ్ళింది అళగర్‌సామి గారింటికి. కొబ్బరితోట ఉంది, బ్యాండేజీ గుడ్డను తెల్లబరిచే షెడ్డులో పని కూడా చేస్తారు. నేను ఫోన్‌లో అడిగానని ఐదు రోకలిబండలు పట్టి ఉంచారు. సీసా మూత తీయగానే గుప్పున బ్లీచింగ్ వాసన. ఆస్పత్రికి పోయే గుడ్డ ఏదైనా ఆ నీళ్ళలో మునగందే వాళ్ళ గడప దాటదు. ల్యాబుకు పోయేవి కదా అని వీటినీ ముంచారు. బ్లీచింగ్ తగిలితే జన్యువు ముక్కలైపోతుందని చెప్పలేక చెప్పాను.

“మట్టితో ఎట్ల పంపేది మా? ఊరి పేరు పోతుందని రెండు తూర్లు కడిగినాను” అన్నారాయన, తల వంచుకుని.

నాకు కోపం నా మీదే వచ్చింది. పట్టమన్నాను గానీ, ఎలా ఉంచాలో చెప్పలేదు.

ఆయన భార్య పేచ్చియమ్మ గారు నా చేత నాలుగు దోసెలు తినిపించి తోటకు తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఒక్కటీ లేదు. నాలుగింటికి తిరుగు బస్సు. నా ధీమా అప్పుడు కాస్త సడలింది, దాచుకోవడమెందుకు. రెండవుతుండగా ఆవిడ మోటారు బావి పక్కన కుళ్ళిన కొబ్బరి పీచు కుప్పను తిరగేశారు.

“ఇది కడగనిదే. చాలునా మా?” అన్నారు, చుట్ట చుట్టుకున్న ఎర్ర రోకలిబండను అరచేతిలో పట్టుకుని. ఆవిణ్ణి కౌగిలించుకున్నాను.

సోమవారం అక్షరాలు శుభ్రంగా వచ్చాయి, గడి నిండింది. అళగర్‌సామి గారు బతిమాలితే ఆయన కడిగినవాటిలోనూ ఒకదాన్ని పరీక్షకు పెట్టాను, ఏమీ రాలేదు. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. “వచ్చే తూరి మట్టితోనే పెడతాను మా, నువ్వు వస్తావు గదా” అన్నారు. ఆయన అడిగింది పురుగు గురించి కాదని నాకు తెలుసు. వస్తానన్నాను, వెళతాను కూడా. మీరూ ఇలాంటి పని మీద వెళ్ళేట్టయితే వానలు పడ్డ వారంలో వెళ్ళండి. పురుగు చెడకుండా ఉంచే ద్రవం సీసా ముందే పంపి, ఎందుకు కడగకూడదో కూడా చెప్పండి.